పేరు పెట్టిన పిల్ల

ట్రాయ్, మిషిగన్
ఫిబ్రవరి 22

బుజ్జమ్మా,

ఆదివారం నీ ఫోన్‌కి నేను సరిగ్గా మాట్లాడలేదు. నాకు తెలుసు. "అత్తయ్యా, పాటల కంపెనీవాళ్లు ఒప్పుకున్నారు!" అని నువ్వు కేకేస్తే, నేను "మంచిదే తల్లీ" అని ఊరుకున్నాను. నీ గొంతు అక్కడికక్కడే చిన్నబోయింది. తప్పు నాదే. మీ తాతయ్యే ఉండుంటే ఈపాటికి వీధి చివరి దాకా నడిచి ఇంటింటికీ చెప్పొచ్చేవారు. ముందు చెప్పాల్సిన మాట ఇప్పుడు చెబుతున్నాను, విను. నాలుగేళ్ల నుంచి నువ్వు పంపిన ప్రతి పాటా నా ఫోన్లో ఉంది. పై షడ్జం దగ్గర నీ గొంతు వణకడం ఎప్పుడు మానేసిందో కూడా నాకు తెలుసు. నీకు రావాల్సిందే వచ్చింది.

మరి ఎందుకు ఆగిపోయానంటావా? ముగ్గురాడపిల్లలు కలిసి కట్టుకున్న జట్టుకి ఇకనుంచి నీ పేరు ముందు వేస్తామన్నారని చెప్పావు చూడు, అక్కడ. ఆ వెంటనే, "కాకినాడ పిల్ల కాస్త ముభావంగా ఉంది, సర్దుకుంటుందిలే" అన్నావు చూడు, అక్కడ. జట్టు కట్టింది ఆ పిల్ల కదే! దానికి పేరు పెట్టింది ఆ పిల్ల. నిన్ను హాస్టల్ గదిలోంచి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి మైకు ముందు నిలబెట్టింది ఆ పిల్ల. ఇదంతా నాకు చెప్పింది నువ్వే.

ఫోన్లో చెబితే చాదస్తంలా వినిపిస్తుంది. అందుకని కాగితం మీద పెడుతున్నాను. అన్నం తిన్నాక, తీరిగ్గా చదువు.

ఈ రోజు పొద్దున వారెన్ వెళ్లొచ్చాం. మాకు దగ్గరే. థర్టీన్ మైల్ రోడ్డు మీద డెట్రాయిట్ మెమోరియల్ పార్క్ అని ఒక శ్మశానం ఉంది. నల్లజాతి వాళ్లకి చావులో కూడా తెల్లవాళ్ల పక్కన మర్యాదగా చోటు దొరకని రోజుల్లో, 1925లో, వాళ్లే డబ్బులు పోగేసుకుని తమకోసం ఏర్పాటు చేసుకున్న నేల. మంచు పడి ఉంది. మీ మామయ్యకి మోకాళ్ల నొప్పి కదా, కారులోనే ఉండమన్నాను. నేనొక్కదాన్నే వెళ్లి కాసేపు నిలబడి వచ్చాను. ఫ్లారెన్స్ బల్లార్డ్ అక్కడ ఉంది. 1976లో ఇదే తారీఖున పోయింది. 32 ఏళ్లు.

ఆ పేరు నువ్వు విని ఉండవు. సుప్రీమ్స్ అంటే విన్నావు. డయానా రాస్ అంటే ఇంకా బాగా విన్నావు. డయానా రాస్ పాడిన ఆ జట్టుకి సుప్రీమ్స్ అనే పేరు పెట్టిన పిల్ల ఫ్లారెన్స్.

నాకూ తెలియదు ఇక్కడికి వచ్చేదాకా. 1988లో ఈ దేశం వచ్చి ఆస్పత్రిలో నర్సుగా చేరిన కొత్తలో, రాత్రి డ్యూటీల్లో నాతో ఒక పెద్దావిడ ఉండేది. డెట్రాయిట్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. మూడింటికి అందరికీ కళ్లు మూతలు పడే వేళ ఆవిడ చిన్నగా పాట ఎత్తుకునేది. నేనూ పాడతానని తెలిశాక ఒకరోజు ఇంటికి పిలిచి రికార్డు పెట్టింది. ముందు గొంతు వినొద్దంది. వెనకాల ఇద్దరున్నారు, వాళ్లని పట్టుకోమంది. మనం తంబూరా మీద చెవి పెట్టినట్టు చెవి పెట్టాను. అప్పుడు వినిపించింది బుజ్జమ్మా, అడుగున ఒక బరువైన గొంతు. చెరువు అడుగున నీళ్లు కదిలినట్టు. ఆ గొంతు ఎవరిదని అడిగితే ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. లేచి వెళ్లి టీ పెట్టుకొచ్చింది. ఆ తర్వాత చెప్పింది.

డెట్రాయిట్‌లో, 1943 జూన్ 30న పుట్టింది. 13 మంది పిల్లల ఇల్లు. తండ్రి 1959లో క్యాన్సర్‌తో పోయాడు. ప్రభుత్వం కట్టించిన బ్రూస్టర్ ఇళ్లలో ఉండేవాళ్లు. ఇప్పుడు ఆ ఇళ్లు లేవు, పడగొట్టేశారు. బడిలో పాటల పోటీలో మేరీ విల్సన్ అనే పిల్లతో స్నేహం కుదిరింది. ఎవరికి ముందు అవకాశం వస్తే వాళ్లు రెండోవాళ్లని పిలవాలని ఒట్టు పెట్టుకున్నారట. మాట నిలబెట్టుకుంది ఫ్లారెన్స్. 1959లో, ప్రైమ్స్ అని మగపిల్లల జట్టు ఒకటి ఉంటే, వాళ్లకి తోడుగా ఆడపిల్లల జట్టు కావాలని వాళ్ల మేనేజరు అడిగాడు. ఫ్లారెన్స్ మేరీని పిలిచింది. తర్వాత డయానా, ఇంకో అమ్మాయి చేరారు. ప్రైమెట్స్ అనుకున్నారు. పదిహేను, పదహారేళ్ల పిల్లలు.

మోటౌన్ కంపెనీ పెట్టిన బెర్రీ గోర్డీ అంతకుముందు కార్ల ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. ఇంట్లోవాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని 1959లో పాటల వ్యాపారం మొదలుపెట్టాడు. వెస్ట్ గ్రాండ్ బులవార్డ్‌లో ఒక మామూలు ఇల్లే స్టూడియో. ఇప్పుడు మ్యూజియం చేశారు. నువ్వొస్తే మొట్టమొదట అక్కడికే తీసుకెళతాను. ఈ పిల్లలు పాడి వినిపిస్తే ఆయన ముందు చదువు పూర్తి చేసి రమ్మన్నాడు. వీళ్లు వింటేగా! రోజూ బడి అయిపోగానే స్టూడియోకి పోయి కూర్చునేవాళ్లు. ఎవరికైనా వెనకపాట కావాలన్నా, చప్పట్లు కావాలన్నా వీళ్లే. 1961 జనవరిలో ఒప్పందం రాసుకున్నారు. ప్రైమెట్స్ పేరు గోర్డీకి నచ్చలేదు. కొన్ని పేర్లు రాసి ఇస్తే ఫ్లారెన్స్ వాటిలో సుప్రీమ్స్ ఏరింది. మిగతావాళ్లకి నచ్చనేలేదు. డయానాకైతే మగవాళ్ల జట్టు పేరులా అనిపించిందట. అయినా అదే ఖాయమైంది. ఆ మాట గుర్తుంచుకో, మళ్లీ వస్తాను దానికి.

ఒప్పందం అనేసరికి ఇంకొకటి చెప్పాలి. ఇక్కడికి దగ్గర్లోనే ఇంక్‌స్టర్ అని ఊరుంది. అక్కడి హైస్కూలు పిల్లలు మార్వెలెట్స్ అని జట్టు కట్టారు. జార్జియా డాబిన్స్ అనే అమ్మాయి స్నేహితుడి దగ్గర ఒక పాట తీసుకుని తిరగరాసింది. అదే ‘ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మ్యాన్’. 1961 డిసెంబరులో దేశమంతా మొదటి స్థానానికి వెళ్లింది. మోటౌన్‌కి అలాంటి పాట అదే మొదటిది. కానీ అప్పటికి ఆ అమ్మాయి జట్టులో లేదు. ఒప్పందం మీద వాళ్ల నాన్న సంతకం పెట్టనన్నాడు. మన ఇళ్లలో ఈ కథ ఎన్నిసార్లు జరగలేదు చెప్పు! మీ నాన్న సంతకం పెడతానన్నాడని విన్నాను. నా తమ్ముణ్ణి ఈ ఒక్క విషయంలో మెచ్చుకోవాల్సిందే. కానీ వాడు చదవకుండా పెడతాడు. చిన్నప్పటి నుంచీ వాడంతే. నువ్వు చదువు.

మొదటి మూడేళ్లు సుప్రీమ్స్‌కి ఏమీ కలిసిరాలేదు. ఏ పాటా ఆడకపోయేసరికి సొంత కంపెనీలోనే వాళ్లని చూసి నవ్వుకునేవాళ్లు. ‘బటర్డ్ పాప్‌కార్న్’ అనే పాటలో ముందు గొంతు ఫ్లారెన్స్‌దే. అదెంత పెద్ద గొంతంటే, రికార్డింగప్పుడు ఆమెని మైకుకి దూరంగా నిలబెట్టేవాళ్లని చెప్పుకుంటారు. తర్వాత గోర్డీ ముందు గొంతు డయానాదే ఉండాలని తేల్చేశాడు. డయానాది సన్నటి మెరుపు గొంతు. చిన్న ట్రాన్సిస్టర్ రేడియోలోంచి కూడా దూసుకొస్తుంది. తెల్లవాళ్ల ఇళ్లలోకి కూడా పోతుందని ఆయన లెక్క. ఆ లెక్క తప్పలేదు. మార్వెలెట్స్ వద్దన్న పాటని 1964లో వీళ్లు పాడారు, ‘వేర్ డిడ్ అవర్ లవ్ గో’. వేసవిలో బస్సులో ఊరూరా తిరుగుతున్న పెద్ద బృందంలో వీళ్లు అందరికంటే కింద ఉండేవాళ్లు. పర్యటన ముగిసేసరికి ఆఖరున, అసలు వరసలో పాడుతున్నారు. ఆగస్టులో పాట మొదటి స్థానంలో ఉంది. ఆ పాటతో కలిపి వరసగా ఐదు పాటలు మొదటి స్థానానికి వెళ్లాయి. 1966లో వాళ్ల ఆల్బమ్ ఒకటి బీటిల్స్ ఆల్బమ్‌ని దింపి పైకెక్కింది. ఆడవాళ్ల జట్టు ఏదీ అంతకుముందు ఆ చోటు చూడలేదు. ఫ్లారెన్స్ ఉన్నంతకాలంలో పది పాటలు మొదటి స్థానం చూశాయి. అప్పటికింకా నల్లవాళ్లు సమాన హక్కుల కోసం కొట్లాడుతున్న దేశంలో, జట్టులో మిగిలిన ముగ్గురు నల్లపిల్లలు పట్టు గౌన్లు వేసుకుని ప్రతి ఆదివారం జనం చూసే ఎడ్ సల్లివాన్ షోలో నిలబడ్డారు. మా పెద్దావిడ ఆ రాత్రి సంగతి చెబుతూ అప్పటికీ కళ్లు తుడుచుకునేది.

డయానాని తిట్టడానికి ఇదంతా రాస్తున్నానని అనుకోకు. చాలామంది తిడతారు. నేను తిట్టను. ఆ పిల్ల రేయింబవళ్లు కష్టపడింది, గొంతుంది, తపన ఉంది. నీలాగే. అందుకే నీకు రాస్తున్నాను.

ఫ్లారెన్స్‌కి క్లబ్బుల్లో ఒకే ఒక సొంత పాట ఉండేది, ‘పీపుల్’. అదీ చివరికి ఆమె చేతిలోంచి పోయింది. ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చింది. ముందు గొంతు పోయింది, పాట పోయింది. ఏ ఒక్కటీ కొట్లాడేంత పెద్దదిగా కనిపించదు. ప్రతిసారీ పక్కవాళ్లు సర్దుకుంటుందిలే అనుకుంటారు. ఆమె సర్దుకోలేదు. తాగడం మొదలుపెట్టింది. ఒళ్లు చేసింది. ప్రదర్శనలకి ఎగ్గొట్టింది. అవి ఆమె తప్పులే, కాదనను. 1967 ఏప్రిల్‌లో హాలీవుడ్ బౌల్‌లో ఆమె చోట సిండీ బర్డ్‌సాంగ్ అనే అమ్మాయిని నిలబెట్టారు. ఆ ఎండాకాలమే లాస్ వెగాస్‌లో ఫ్లమింగో హోటల్ ముందు బోర్డు మారింది. ‘డయానా రాస్ అండ్ ది సుప్రీమ్స్’. జులై మొదట్లో, 24 ఏళ్లు నిండిన వెంటనే, ఆమెని డెట్రాయిట్ పంపేశారు.

1968 ఫిబ్రవరి 22న కంపెనీతో తెగతెంపులైంది. చేతికిచ్చింది 1,39,804 డాలర్ల 94 సెంట్లు. ఆ సెంట్ల లెక్క చదివినప్పుడల్లా నా కడుపు రగులుతుంది. ఆ కాగితంలో ఇంకొక షరతు. ఇకమీదట తాను సుప్రీమ్స్‌లో పాడానని ఎక్కడా ప్రచారం చేసుకోకూడదు. చదివావా? పేరు పెట్టిన పిల్లకి ఆ పేరు పలికే హక్కు లేదు. ఏబీసీ అనే కంపెనీలో రెండు పాటలు విడివిడిగా విడుదలయ్యాయి. ఆమె ఎవరో చెప్పకూడదంటే ఎవరు కొంటారు? ఆల్బమ్ పెట్టెలోనే ఉండిపోయింది. కవలలు పుట్టారు, తర్వాత ఇంకో ఆడపిల్ల. 1971లో కోర్టుకి వెళితే కేసు నిలవలేదు. ఇల్లు అప్పులవాళ్లు తీసుకున్నారు. ప్రభుత్వం పేదవాళ్లకిచ్చే సాయం మీద ముగ్గురు పిల్లల్ని పెంచింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా దాటలేను. చెప్పడానికి నోరు రాదు. 1960 వేసవిలో, జట్టు అప్పుడప్పుడే నిలదొక్కుకుంటుండగా, ఒక రాత్రి డాన్సు నుంచి ఇంటికొస్తూ తెలిసినవాడే కదా అని ఒకడి కారెక్కింది. వాడు కత్తి చూపించి చెరిచాడు. 17 ఏళ్ల పిల్ల. వారాల తరబడి ఇంట్లోంచి బయటికి రాలేదు. తర్వాత మేరీకి, డయానాకి చెప్పింది. పిల్లలు కదా, ఏం చేయాలో వాళ్లకీ తెలియలేదు. విన్నారు, ఓదార్చారు, మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆ తర్వాత నుంచి ఆమె పాత ఫ్లారెన్స్ కాదని మేరీ రాసింది. ఎన్నో ఏళ్ల తర్వాత అందరూ ఆమె మొండిదని, తాగుబోతని అన్నప్పుడు, ఆ మొండితనం ఎక్కడ మొదలైందో తెలిసినవాళ్లు ఆ ఇద్దరే. బుజ్జమ్మా, కాకినాడ పిల్ల ముభావంగా ఉందన్నావు. ఎందుకుందో అడిగావా? పాట గురించే అని నీకెలా తెలుసు? ఏమీ లేకపోవచ్చు. అయినా అడుగు. రాత్రిపూట ఏ క్యాబు ఎక్కినా ముగ్గురూ ఒకరికొకరు చెప్పుకుని ఎక్కండి. ఇది నీకూ వర్తిస్తుంది. తల ఊపి ఊరుకోకు.

ఇప్పుడు నా సంగతి. మీ నాన్నకి సగమే తెలుసు.

మా గవర్నరుపేట ఇంటి వెనక వాటాలో ఒకామె ఉండేది. వయసులో నాకంటే రెండేళ్లు పెద్ద. అందరం చిన్నక్క అనేవాళ్లం. హార్మోనియం ఆమెదే. పొద్దున్నే రేడియోలో భక్తిరంజని వస్తుంటే ఆమె వెనకాల శ్రుతి పట్టడం నాకు నేర్పింది. నన్ను, ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టి వరసలు కట్టింది. పెళ్లిళ్లలో, రామనవమి పందిళ్లలో పాడేవాళ్లం. 1984లో క్యాసెట్లు చేసే ఒకాయన మా పాట విని, అమ్మవారి పాటలు ఎనిమిది రికార్డు చేస్తానన్నాడు. వరసలన్నీ చిన్నక్కవే. రికార్డింగు రోజు ఆయన నా వైపు చూసి, "ఈ అమ్మాయి గొంతు మైకుకి బాగా పడుతోంది, ముందు ఈమె పాడనీ, మీరిద్దరూ వెనక అందుకోండి" అన్నాడు. నాకు 19 ఏళ్లు. ఎంత గర్వమేసిందో! చిన్నక్క ఏమీ అనలేదు. హార్మోనియం కొంచెం వెనక్కి జరుపుకుంది, అంతే.

క్యాసెట్ వచ్చింది. అట్ట మీద నా పేరు ఒక్కటే ఉంది. కింద చిన్న అక్షరాల్లో "బృందం" అని. వరసలు ఎవరివో లేనే లేదు. ఆయనకి ఒక్క మాట చెబితే రెండో విడత అట్ట మార్చేవాడేమో. అడగలేదు. అడిగితే రెండో క్యాసెట్ ఇవ్వడేమోనని భయం. నిజం చెప్పనా, భయం కూడా కాదు. నా పేరు ఒక్కటే ఉండటం నాకు బాగుంది. రెండు వారాలు ఆ అట్ట దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. చిన్నక్క వాటాకి వెళ్లడం తగ్గించాను, ఎదురుపడితే ఏం మాట్లాడాలో తెలియక. ఆమె కబురు చేయలేదు. రెండో క్యాసెట్ రానేలేదు. నా పెళ్లి కుదిరింది, నేనిటు వచ్చేశాను.

తర్వాత పదమూడేళ్లకి ఊరొచ్చినప్పుడు ఆమె ఇంటికి వెళ్లాను. కాఫీ ఇచ్చింది, అమెరికా చలి గురించి అడిగింది. హార్మోనియం పెట్టె గోడ పక్కన ఉంది. దాని మీద ఇస్త్రీ బట్టలు పేర్చి ఉన్నాయి. నేను వాళ్ల అమ్మాయితో, "మీ అమ్మ దగ్గర పాట నేర్చుకున్నావా?" అన్నాను. ఆ పిల్ల తల్లి వైపు చూసి, "అమ్మకి పాట వచ్చా?" అంది. చిన్నక్క నవ్వి, "ఎప్పుడో చిన్నప్పటి మాటలే" అని గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను క్షమించమని అడగడానికే వెళ్లాను బుజ్జమ్మా. అడగకుండానే వచ్చేశాను.

ఫ్లారెన్స్ కథ చదివిన ప్రతివాళ్లూ తమని ఆమెతోనే పోల్చుకుంటారు. నాకా యోగ్యత లేదు. నేను పక్కన నిలబడ్డదాన్ని. అందుకే నేనెప్పుడూ మేరీ గురించి ఆలోచిస్తాను. ఒట్టు పెట్టుకున్న మేరీ ఫ్లారెన్స్ వెళ్లిపోయాక కూడా 1977 దాకా ఆ జట్టులోనే ఉంది. తర్వాత 1986లో పుస్తకం రాసింది. ఫ్లారెన్స్‌కి ఏం జరిగిందో లోకానికి చెప్పింది ఆ పుస్తకమే. ఆ తర్వాత ఎవరుపడితే వాళ్లు పాతజట్ల పేర్లు పెట్టుకుని దొంగ ప్రదర్శనలు ఇవ్వకుండా చట్టాలు తేవాలని రాష్ట్రం రాష్ట్రం తిరిగింది. 30కి పైగా రాష్ట్రాల్లో ఆ చట్టం వచ్చింది. 2021లో పోయేదాకా ఆవిడ తిరుగుతూనే ఉంది. ఎందుకు తిరిగిందో నాకు అర్థమవుతుందనిపిస్తుంది. స్నేహితురాలు బతికుండగా ఆ పేరు ఆమెకి దక్కలేదు కదా.

సరే, నీ పని చూద్దాం. కోప్పడుతున్నానని అనుకోకు. పాడొద్దని ఎవరన్నారు? ముందు నిలబడి పాడు. నీ గొంతు ముందుకి సరిపోయేదే. ఒక జట్టులో ఎవరో ఒకరు ముందు పాడాలి, అందులో పాపం లేదు. కానీ సంతకానికి ముందు ముగ్గురూ కూర్చోండి. జట్టు పేరు ఎవరిదో రాసుకోండి. దాన్ని ట్రేడ్‌మార్క్‌గా ముగ్గురి పేరు మీదా నమోదు చేయించండి, కంపెనీ పేరు మీద కాదు. సుప్రీమ్స్ పేరు కంపెనీ చేతిలో ఉండబట్టే బోర్డు మార్చడం అంత తేలికైంది. రేపు మీలో ఒకరు పెళ్లి చేసుకుని వెళ్లిపోయినా, అలిగి వెళ్లిపోయినా, తాను ఆ జట్టులో పాడానని చెప్పుకునే హక్కు ఆమెకి ఉండాలని ఒక వాక్యం రాయించు. చిన్న వాక్యమే. ఫ్లారెన్స్‌కి ఆ ఒక్క వాక్యమే లేకపోయింది.

మోటౌన్‌లో రికార్డులు చేసే కంపెనీయే వాళ్లకి మేనేజరు కూడా. గౌన్లు, ప్రయాణాలు, స్టూడియో ఖర్చు అన్నీ పిల్లల ఖాతాలోంచే. లెక్క అడగాల్సిన మేనేజరూ, లెక్క చెప్పాల్సిన కంపెనీ ఒకటే అయితే ఇంకెవరు అడుగుతారు? నీ ఒప్పందంలో అలా ఉందేమో చూడు. వీడియో ఖర్చు ఎవరిదో చూడు. మన దేశంలో 2012లో కాపీరైటు చట్టం మార్చాక పాడినవాళ్లకి కూడా రాయల్టీ మీద హక్కుంది. ఆ హక్కు కోసం గాయకులు సంఘంగా ఏర్పడ్డారు, మన బాలుగారు కూడా అందులో ఉండేవారు. పాడినవాళ్లంటే ముందు పాడినవాళ్లే కాదు. కాకినాడ పిల్లా, రెండో అమ్మాయీ కూడా. ఒప్పందంలో ముగ్గురి పేర్లూ పాడినవాళ్లుగా ఉండాలి. "బృందం" అన్న మాట కనిపిస్తే కొట్టేయించు. నా మీద ఒట్టు.

కంపెనీవాళ్లు ఒప్పుకోకపోతే? ఒప్పుకోకపోవచ్చు. అప్పుడేం చేయాలో నేను చెప్పలేను. నీ జీవితం, నీ గొంతు. అవకాశం వదులుకోమని చెప్పే ధైర్యం నాకు లేదు. 19 ఏళ్లప్పుడు నేను వదులుకోలేదు కదా. కానీ ఆ పిల్లకి ముందు నువ్వు చెప్పు, కంపెనీ మనిషి ఫోన్‌లో చెప్పకముందే. ఎదురుగా కూర్చుని చెప్పు. ఆ పిల్ల ఏడిస్తే లేచి రావద్దు.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. పోవడానికి ఎనిమిది నెలల ముందు, 1975 జూన్‌లో, డెట్రాయిట్‌లో ఫోర్డ్ ఆడిటోరియంలో ఫ్లారెన్స్ మళ్లీ పాడింది. నార్త్ కరోలినా జైల్లో తన మీద అత్యాచారానికి వచ్చిన జైలు కాపలావాణ్ణి చంపిందని జోఆన్ లిటిల్ అనే నల్లమ్మాయి మీద కేసు నడుస్తోంది. ఆ అమ్మాయి వకీళ్ల ఖర్చుకోసం పెట్టిన సభ అది. ఎన్నో సభలుంటాయి, ఆమె ఒప్పుకున్నది ఆ సభకి. ఎందుకో నేను చెప్పక్కర్లేదు నీకు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆగస్టులో జ్యూరీ జోఆన్ లిటిల్‌ని విడిచిపెట్టింది. ఫిబ్రవరిలో ఫ్లారెన్స్‌కి గుండె రక్తనాళం మూసుకుపోయింది. న్యూ బెతెల్ చర్చి దగ్గర వేలమంది గుమిగూడారు. డయానా వచ్చింది. మేరీ వచ్చింది.

పొద్దున మంచులో నిలబడి ఆమె గొంతు గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాను. అడుగున ఉండే ఆ గొంతు. గుర్తొచ్చింది. దాంతోపాటు చిన్నక్క గొంతు కూడా వచ్చింది, మంద్ర స్థాయిలో, హార్మోనియం వెనక నుంచి.

చిన్నక్క నెంబరు మీ నాన్న దగ్గర ఉందట. వాణ్ణి అడిగి తీసుకున్నాను. ఇప్పుడు రాజమండ్రిలో కూతురి దగ్గర ఉంటోందని చెప్పాడు. శనివారం రాత్రి, అంటే అక్కడ ఆదివారం పొద్దున, ఫోన్ చేస్తాను. ఈసారి చలి గురించి మాట్లాడను. ఎత్తుతుందో లేదో, ఎత్తితే ఏమంటుందో. నువ్వు కూడా ఆదివారం లోపు కాకినాడ పిల్లతో మాట్లాడు. ఇద్దరం ఒకే వారంలో చేద్దాం, నాకు కొంచెం ధైర్యంగా ఉంటుంది.

గొంతుకి చల్లటివి తాగకు. నిద్ర చెడగొట్టుకోకు. ఒప్పందం కాగితాలన్నీ ఫొటోలు తీసి నాకు పంపు. వెనకవైపు చిన్న అక్షరాలు కూడా. మీ మామయ్య కళ్లజోడు పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

నీ అత్తయ్య